తక్కువ ధర సెమీ హాలో: చెక్కతో పేచీ లేదు, చిక్కంతా చిల్లర సామానుతోనే

తక్కువ ధరలో సెమీ హాలో (బాడీ కొంత డొల్లగా ఉండే) ఎలక్ట్రిక్ గిటార్ అనగానే నోటికొచ్చే పేర్లు ఎపిఫోన్ ఈఎస్-335, దానికి ముందున్న ఎపిఫోన్ డాట్, ఐబనెజ్ ఏఎస్73, గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్. ఇలాంటివి వాయించినవాళ్ల అభిప్రాయాలు పక్కపక్కన పెట్టి చూడండి, కంపెనీ ఏదైనా పాట ఒకటే. సౌండు బాగుంది, పాలిష్ బాగుంది, చేతికి ఒదిగింది. కానీ జి స్ట్రింగ్ ట్యూనింగ్‌లో నిలవదు, కేబుల్ పెట్టే జాక్ ఊగుతుంది, స్విచ్ కరకరమంటుంది.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పల్చటి చెక్క పొరలను అచ్చులో పెట్టి అతికించడం ఇప్పుడు అన్ని ఫ్యాక్టరీలూ బాగానే చేస్తున్నాయి. ధర తగ్గించాల్సి వచ్చినప్పుడు కోత పడేది నట్ (నెక్ చివర స్ట్రింగ్స్ గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ), జాక్, స్విచ్, పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే కంట్రోళ్లు) దగ్గర. సాలిడ్ బాడీ గిటార్‌లో అదేం పెద్ద సంగతి కాదు, వెనక మూత స్క్రూలు విప్పి అరగంటలో మార్చేస్తాం. సెమీ హాలోకి ఆ మూత ఉండదు. తలుపు లేని ఇంట్లో కిటికీలోంచి చేయి పెట్టి వంట చేసినట్టు, ప్రతి పనీ ఎఫ్-హోల్ (పైపలకలో ఎఫ్ అక్షరం ఆకారపు రంధ్రం) గుండానే చెయ్యాలి. అందుకే వంద రూపాయల జాక్ ఇక్కడ ఒక పూట పని.

అసలు ఈ వాద్యం లోపల ఏముందో తెలిస్తే మిగతా చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. గిబ్సన్ ఈఎస్-335 అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం కలమజూ ఫ్యాక్టరీ నుంచి 1958లో వచ్చింది. అప్పటి కంపెనీ ప్రెసిడెంట్ టెడ్ మెకార్టీ హయాం అది. పూర్తి డొల్ల గిటార్లు ఆంప్ (యాంప్లిఫయర్) గట్టిగా పెడితే కూతపెట్టేవి. దానికి విరుగుడుగా బాడీ మధ్యలో, నెక్ నుంచి అడుగు దాకా, ఒక చెక్క దిమ్మ పెట్టారు. సెంటర్ బ్లాక్ అంటే అదే. పికప్‌లు (స్ట్రింగ్ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేవి), బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనేది), టెయిల్‌పీస్ (స్ట్రింగ్స్ కొసలు తగిలించేది) అన్నీ దానిమీదే కూర్చుంటాయి, డొల్లగా ఉండేది రెండు పక్కలే. గిటారిస్టు లెస్ పాల్ 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లోని ఎపిఫోన్ ఫ్యాక్టరీలో నాలుగంగుళాల దుంగకు గిటార్ రెక్కలు తగిలించి చేసిన ‘లాగ్’ కూడా ఇదే ఆలోచన. ఎపిఫోన్ క్యాసినో చూడ్డానికి దీని కవలలా ఉంటుంది గానీ దానికి సెంటర్ బ్లాక్ లేదు, పూర్తి డొల్ల. బొమ్మ చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

బాడీ పొరల చెక్క అని తెలియగానే కొందరు ‘అయ్యో, ప్లైవుడ్డా’ అంటారు. 1958 నాటి అసలు 335 కూడా పొరల చెక్కే. కమానులా వంగిన పైపలక వాతావరణానికి మెలిపడకుండా ఉండటానికీ, కూత తగ్గటానికీ అదే మేలు. ఎపిఫోన్‌లో ఆ పొరలు మేపుల్, ఏఎస్73లో లిండెన్. చెవికి తెలిసే తేడా చెక్క పేరు కంటే పికప్ ఎత్తులో ఎక్కువ ఉంటుంది. ఎపిఫోన్ ఫ్రెట్‌బోర్డు చెక్కను స్పెసిఫికేషన్‌లో ఇండియన్ లారెల్ అని రాస్తారు. అది మన నల్లమద్ది. 2017 జనవరిలో సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ) ఒప్పందం రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని నియంత్రణలోకి తేవడంతో గిటార్ కంపెనీలు ఇలాంటి చెక్కల వైపు మళ్లాయి. తయారై పూర్తయిన వాద్యాలకు 2019లో సడలింపు వచ్చినా చాలా మోడళ్లలో లారెలే ఉండిపోయింది. కొత్తలో పాలిపోయి, పొడిగా కనిపిస్తుంది. స్ట్రింగ్స్ మార్చేటప్పుడు ఫ్రెట్‌బోర్డు నూనె నాలుగు చుక్కలు రుద్ది, పది నిమిషాలాగి తుడిచేస్తే రంగు ముదురుతుంది.

షాపులో చూడాల్సిన మొదటి విషయం నెక్ యాంగిల్, అంటే బాడీకి నెక్ ఏ వాలులో అతికి ఉందన్నది. ఈ గిటార్ల నెక్ సాధారణంగా బాడీకి జిగురుతో అతికించి ఉంటుంది, విప్పి సందులో రేకు పెట్టడం కుదరదు. బ్రిడ్జ్ ఎంత ఎత్తులో ఉందో పక్కనుంచి చూడండి. బ్రిడ్జ్ పూర్తిగా బాడీకి ఆనేంత దించేసి ఉండి, అయినా 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర స్ట్రింగ్స్ ఎత్తుగా ఉంటే ఆ గిటార్ వదిలేయండి, ఎంత తగ్గించి ఇస్తామన్నా సరే. కింద ఇంకో రెండు మూడు మిల్లీమీటర్ల జాగా మిగిలి ఉంటే సరే. తర్వాత జాక్‌లో కేబుల్ పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడించండి, స్విచ్‌ను పది సార్లు మార్చండి, నాలుగు నాబ్‌లనూ చివరి నుంచి చివరికి తిప్పండి. ఇప్పుడు వినిపించే కరకర తర్వాత మీ శనివారం సాయంత్రాన్ని తినేస్తుంది.

నట్ సంగతికొస్తే, జి స్ట్రింగ్ బెండ్ చేసి (పక్కకు లాగి) వదిలాక శ్రుతి దిగిపోవడానికి ట్యూనింగ్ కీలను తిట్టడం అందరూ చేసే పని. వాటి తప్పు అరుదు. మూడుకు మూడు కీలు ఉండే ఈ హెడ్‌స్టాక్‌లో డి, జి స్ట్రింగ్స్ నట్ దాటగానే పక్కకు వంగుతాయి, పైగా హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉంటుంది. గాడి ఇరుకైతే అక్కడే పట్టుకుంటుంది. కీ తిప్పుతుంటే ‘టిక్’ మన్న చప్పుడు వచ్చి శ్రుతి ఒక్కసారిగా గెంతితే దోషి నట్టే. 17 గేజ్ జి స్ట్రింగ్‌కు గాడి 19, 20 వెడల్పుంటే చాలు (ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు). ఆ కొలత నట్ ఫైల్‌తో, హెడ్‌స్టాక్ వాలు వైపుగా రెండు మూడు రుద్దులు. లోతు పెంచకూడదు, పక్కలు మాత్రమే. పెన్సిల్ ముల్లు పొడి గాడిలో రాస్తే రెండు వారాలు పనిచేస్తుంది, ఫైల్ దొరికేదాకా అంతే. కొత్త ఎపిఫోన్ ఈఎస్-335లో గ్రాఫ్‌టెక్ నట్ వేస్తున్నారు కాబట్టి ఈ బాధ అక్కడ తక్కువ.

గాడి ఎత్తుకు ఒక పరీక్ష. స్ట్రింగ్‌ను రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. మామూలు జిరాక్స్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు. అది తాకీ తాకనట్టు దూరితే సరిగ్గా ఉన్నట్టు. విజిటింగ్ కార్డు కూడా దూరిందంటే నట్ ఎత్తు, బార్ కార్డులు (ఒకే వేలితో స్ట్రింగ్స్ అన్నీ అడ్డంగా నొక్కే స్వరాల గుత్తులు) పట్టినప్పుడు ఎఫ్ మేజర్ శ్రుతి పైకి పోవడానికి కారణం అదే.

సెటప్ వరుస మార్చకండి: ముందు నెక్, తర్వాత బ్రిడ్జ్ ఎత్తు, చివర ఇంటొనేషన్ (నెక్ పొడవునా శ్రుతి సరిగ్గా పలికేలా సర్దడం). మొదటి ఫ్రెట్ మీద కాపో (స్ట్రింగ్స్ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, ‘లో ఈ’ (అన్నిటికంటే లావు) స్ట్రింగ్‌ను నెక్ బాడీలో కలిసే చోట నొక్కితే 7వ ఫ్రెట్ మీద 0.2 నుంచి 0.25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. కొలవడానికి బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజ్ చాలు, ఆటో స్పేర్ పార్టుల షాపులో దొరుకుతుంది. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి సర్దుబాటు కడ్డీని) కుడివైపుకు, ఒక్కోసారి పావు చుట్టుకు మించకుండా బిగించి, మళ్లీ శ్రుతి చేసి కొలవాలి. ఆపైన 12వ ఫ్రెట్ దగ్గర ‘లో ఈ’ కింద 2 మిల్లీమీటర్లు, ‘హై ఈ’ (అన్నిటికంటే సన్నటిది) కింద 1.5 వచ్చేలా బ్రిడ్జ్ చక్రాలు తిప్పండి. తిప్పే ముందు స్ట్రింగ్స్ కాస్త వదులు చెయ్యకపోతే చక్రం మరలు అరుగుతాయి. 12వ ఫ్రెట్ నొక్కి మీటిన స్వరం అక్కడి హార్మోనిక్ (స్ట్రింగ్‌ను నొక్కకుండా తాకి మీటిన స్వరం) కంటే ఎక్కువగా ఉంటే శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద ఆ స్ట్రింగ్ ఆనే ముక్కను) వెనక్కి, తక్కువైతే ముందుకు జరపాలి. పాత స్ట్రింగ్స్‌తో ఇంటొనేషన్ చెయ్యడం మాత్రం దండగ.

స్కేల్, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా స్ట్రింగ్ పొడవు, 24.75 అంగుళాలు. 25.5 అంగుళాల స్కేల్‌తో పోలిస్తే అవే స్ట్రింగ్స్ బిగువు 6 శాతం దాకా తక్కువ. 10-46 సెట్‌తో బెండ్‌లు సుఖంగా ఉంటాయి, గమకాల కోసం తీగ లాగేవాళ్లకు ఇది వరమే. కార్డులు గట్టిగా కొట్టేవాళ్లు 11-49 వేసుకుంటారు. వేస్తే పై కొలతలన్నీ మళ్లీ మొదటికొస్తాయి, నట్ గాడులతో సహా. స్ట్రింగ్స్ మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా తీయండి. మొత్తం ఒకేసారి విప్పితే చాలా మోడళ్లలో టెయిల్‌పీస్, బ్రిడ్జ్ ఊడి పాలిష్ మీద పడతాయి.

ఇక అసలు యాగీ, ఎఫ్-హోల్ పని. జాక్‌ను పట్టి ఉంచే మర నట్ (స్ట్రింగ్స్ నట్ కాదు) వదులైనప్పుడు బయటనుంచి స్పానర్ వేసి తిప్పేస్తే లోపల జాక్ కూడా దాంతోపాటు తిరుగుతుంది, రెండు చుట్లకు వైరు తెగుతుంది. సగం జాక్‌లు చచ్చేది ఇలాగే. జాక్ గొట్టంలోకి బిగుతుగా పట్టే గుండ్రటి ఫైల్ దూర్చి, దాన్ని కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి.

పాట్‌లు, స్విచ్, జాక్ మార్చాల్సి వస్తే అన్నీ ఒకే విడతలో మార్చండి, ఆ దారిలోకి రెండోసారి వెళ్లబుద్ధి కాదు. ముందు ఒక అట్టముక్క మీద గిటార్ పైనున్న రంధ్రాల స్థానాలు అచ్చు గుద్దినట్టు గుర్తించి రంధ్రాలు చెయ్యండి. కొత్త పాట్‌లు ఆ అట్టలో బిగించి వైరింగ్ అంతా బయటే పూర్తి చెయ్యండి. హంబకర్లకు (జంట తీగచుట్టల పికప్‌లకు) 500కే, అంటే 500 కిలో ఓమ్‌ల, పాట్‌లు, టోన్‌కు 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ మామూలు లెక్క. పాత వాల్యూమ్ 10 నుంచి 3 దాకా కదలక అక్కడ ఒక్కసారిగా పడిపోతోందంటే అవి లీనియర్ పాట్‌లు, చెవికి సమానంగా తగ్గినట్టు వినిపించే ఆడియో టేపర్‌వి తీసుకోండి. కొనే ముందు రెండు కొలతలు చూడాలి. పెద్ద పాట్ 24 మిల్లీమీటర్ల వెడల్పు, మీ ఎఫ్-హోల్‌లో దూరుతుందా? దాని మరల గొట్టం 9.5 మిల్లీమీటర్లు, పాత చిన్న పాట్‌ల రంధ్రం అంతకంటే ఇరుకు. పెంచాలంటే చేత్తో తిప్పే రీమర్ వాడాలి, డ్రిల్ పెడితే పాలిష్ పెచ్చులూడుతుంది. ఈ తలనొప్పి వద్దంటే 16 మిల్లీమీటర్ల చిన్న పాట్‌లే మంచి రకం వేసుకోండి, వినడంలో తేడా ఉండదు.

పాతవి తీసే ముందు చేపల తొట్టికి గాలి పంపే మెత్తటి గొట్టం ముక్కలు ఒక్కో పాట్ కడ్డీకి తొడగండి, స్విచ్ కొనకు దారం కట్టండి. నట్‌లు విప్పి పాట్‌లను లోపలికి తోస్తే గొట్టం మరో కొస పైనే ఉంటుంది. కొత్తవి పైకి లాగడానికి దారి అదే. గొట్టాలకు ఏది వాల్యూమ్, ఏది టోన్ అని టేపు చీటీలు అంటించకపోతే చివరికి నెక్ వాల్యూమ్ తిప్పితే బ్రిడ్జ్ పికప్ తగ్గుతుంది. జాక్‌కు గొట్టం పట్టదు. దారాన్ని జాక్ రంధ్రం గుండా లోపలికి పంపి, ఎఫ్-హోల్‌లోంచి బయటికి లాగి, కొత్త జాక్ గొట్టంలోంచి దూర్చి వెనక రేకుకు ముడి వెయ్యాలి. ఇవతల కొస లాగితే జాక్ తనంత తానే రంధ్రంలోకి వస్తుంది. వాషర్‌ను, నట్‌ను కూడా అదే దారం మీదుగా జారవిడిస్తే లోపల పడిపోవు. ఎఫ్-హోల్‌కు దూరంగా ఉన్నవాటిని ముందు లాగాలి. అంచులకు పెయింటర్లు వాడే కాగితం టేపు వేయండి, పాట్ మూల తగిలితే బైండింగ్ (అంచు పట్టీ) మీద గీత ఖాయం.

అన్నింటికంటే ముఖ్యం: లోపలికి పంపే ముందే కేబుల్ పెట్టి, ఆంప్ ఆన్ చేసి, పికప్‌ల మీద స్క్రూడ్రైవర్‌తో తట్టి, స్విచ్ మూడు స్థానాల్లోనూ పలకాల్సిన పికప్ పలుకుతోందో లేదో చూసుకోండి. తీరా బిగించాక ఒక సోల్డర్ ఊడితే మళ్లీ మొదటి నుంచే.

పికప్‌లు బురదగా ఉన్నాయన్న మాట, ముఖ్యంగా నెక్ పికప్ గురించి, తరచూ వినిపిస్తుంది. కొత్తవి కొనే ముందు చివరి ఫ్రెట్ నొక్కి పికప్‌కూ స్ట్రింగ్‌కూ మధ్య దూరం కొలవండి. నెక్ దగ్గర 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ దగ్గర 2. బాస్ వైపు ఇంకొంచెం దించినా మంచిదే. ఫ్యాక్టరీ నుంచి స్ట్రింగ్స్‌ను రాసుకునేంత ఎత్తులో వచ్చినవాటికి స్క్రూడ్రైవరే మందు.

కూత రెండు రకాలు. స్ట్రింగ్స్ అన్నీ అరచేత్తో మూసినా సన్నగా, కీచుమని వస్తూనే ఉంటే అది పికప్ లోపలి తీగచుట్ట కదలడం, మైనంలో ముంచాలి. నాలుగు వంతుల పారాఫిన్, ఒక వంతు తేనెమైనం, 65 డిగ్రీలకు మించకుండా, నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి. అరచేయి వెయ్యగానే ఆగే బొంగురు కూత బాడీది. ఆంప్‌కు ఎదురుగా నిలబడటం మానండి, అప్పటికీ రాగానే ఉంటే ఎఫ్-హోల్స్‌ను నురుగు ముక్కలతో మూసేయండి. బ్లూస్ గిటారిస్టు బి.బి.కింగ్ పేరుమీద గిబ్సన్ చేసిన లూసిల్‌కు ఎఫ్-హోల్సే లేకపోవడం ఈ కూత బాధ వల్లే.

గుయ్‌మనే హమ్ స్ట్రింగ్స్ తాకగానే తగ్గితే ఎర్త్ వైరు బాగానే ఉన్నట్టు. తాకినా తేడా లేకపోతే మల్టీమీటర్‌తో టెయిల్‌పీస్‌కూ జాక్ బయటి భాగానికీ కంటిన్యుటీ చూడండి, బీప్ రాకపోతే టెయిల్‌పీస్ పోస్ట్ కింద వైరు తెగింది. స్ట్రింగ్స్ ముట్టుకుంటే చేయి జిలజిలమంటోందా? చాలావరకు గిటార్ కాదు, గోడ సాకెట్‌లో ఎర్త్ లేకపోవడమే కారణం. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ సాకెట్‌లో ఆంప్ పెట్టకండి.

హైదరాబాద్ ఎండాకాలంలో ఫ్రెట్‌బోర్డు కుంచించుకుని ఫ్రెట్ కొసలు చేతికి గీరుకుంటాయి, విశాఖ వైపు వానాకాలంలో నెక్ ముందుకు వంగి యాక్షన్ (ఫ్రెట్ల మీద స్ట్రింగ్స్ ఎత్తు) లేస్తుంది. గీరుకుంటున్నాయని మే నెలలోనే కొసలు అరగదీయకండి. రెండు వానలు పడ్డాక కూడా అలాగే ఉంటే అప్పుడు ఫైల్ పట్టుకోవచ్చు.