ముఖం ఒక రంగు, చెయ్యి ఒక రంగు

"అమ్మా, ఈ చెయ్యి నాదే. ముఖమే నాది కాదు."

మా తమ్ముడి పెళ్లి ఆల్బమ్ అనంతపురం నుంచి వచ్చిన రోజు మా అమ్మాయి అన్న మాట ఇది. దానికి పద్నాలుగేళ్లు. పట్టులంగా కట్టుకుని, అక్షింతల పళ్లెం పట్టుకుని పెళ్లికూతురి పక్కన నిలబడిన ఫొటో అది. ముఖం తెల్లగా, నున్నగా వెలిగిపోతోంది. పళ్లెం అంచు పట్టుకున్న వేళ్లు మాత్రం దాని అసలు రంగులోనే ఉన్నాయి, మంచి చామనచాయలో. చిన్నప్పుడు మా అమ్మ ఇంట్లో గడప తట్టుకుని పడితే ఎడమ కనుబొమ్మ చివర ఒక మచ్చ మిగిలింది. ఆ మచ్చ ఫొటోలో లేదు. మెడ దగ్గర రెండు రంగులూ కలిసేచోట, గొలుసు కింద, సన్నటి గీత కనిపిస్తోంది.

కాసేపు చూసి మళ్లీ అడిగింది. "నేను ఇట్లా ఉంటే బాగుండేదని వాళ్లకు అనిపించిందా?"

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఆశ్చర్యపోయాడు. "అందరికీ అట్లే చేస్తారక్కా. మనం చెప్పే పనే లేదు. చేయకపోతేనే, మా పాప నల్లగా పడిందని జనం స్టూడియోకి పోయి గొడవ పెట్టుకుంటారు" అన్నాడు. ఫొటోగ్రాఫర్ మీద నాకు కోపం రాలేదు. అతను కొత్తగా మొదలుపెట్టిన పనేం కాదు. కంప్యూటర్లు రాకముందు స్టూడియోలలో నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు, ముడతలు కప్పేసేవాళ్లు. నా పెళ్లిచూపులకు పంపిన ఫొటో కూడా అనంతపురం స్టూడియోలో తీసిందే. ముందు పౌడరు, తర్వాత ముఖం మీదికి రెండు లైట్లు, "గడ్డం కొంచెం దించమ్మా" అని ఒక మాట. ఆ ఫొటోలో నేను చాలా బాగుంటాను. మా ఆయన ఇంటివాళ్లు మొదట ఒప్పుకున్నది ఆ ఫొటోలోని అమ్మాయినే. తర్వాత ఇంటికి వచ్చి చూసినప్పుడు మా అత్తగారి ముఖంలో ఒక్క క్షణం కనిపించిన తేడా నాకు ఇప్పటికీ గుర్తే.

తప్పంతా మనుషులదే అనుకుంటాం గానీ, ఫొటో అనే వస్తువే మొదటి నుంచీ ఒక రంగు ముఖాన్ని మనసులో పెట్టుకుని తయారైంది. కలర్ ఫిల్ము రోజుల్లో ప్రింట్ల రంగులు సరిచూసుకోడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక నమూనా కార్డు ఇచ్చేది. దాని మీద ఒక తెల్లజాతి యువతి ఫొటో ఉండేది. షర్లీ కార్డు అని దాని పేరు. ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు. రకరకాల రంగుల మనుషులతో అలాంటి కార్డు 1990ల్లో గానీ రాలేదు. ఒకే ఫొటోలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పక్కపక్కన నిలబడితే నల్లవాళ్ల ముఖాల్లో కళ్లు, పళ్లు తప్ప వేరే ఏదీ తేలేది కాదు. ముదురు చర్మం ఉన్నది ఉన్నట్టు పడేలా చేశామని చెబుతూ 2021లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో ఒక ఏర్పాటు పెట్టింది. మనిషి రంగును మనిషి రంగుగా చూపించడం 2021లో కూడా ప్రకటించుకోవాల్సిన సంగతి అయింది. మన దేశంలో 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరులోంచి ఫెయిర్‌ని తీసేసి గ్లో పెట్టుకుంది. మా వీధి అంగట్లో ఇప్పటికీ జనం దాన్ని పాత పేరుతోనే అడుగుతారు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగా విన్నది. విని, "మరి నా ముక్కు సంగతి?" అంది.

ముక్కు గొడవ ఆల్బమ్ కంటే పాతది. రెండేళ్లుగా అది ఫోన్‌లో తన ముఖం చూసుకుని ముక్కు లావుగా ఉందని బాధపడుతోంది. ఆ ముక్కు మా అమ్మది. నేను "నీ ముక్కు చాలా బాగుంటుంది" అంటే నమ్మదు, తల్లి మాట కదా. అందుకని ఈ విషయంలో నాకు తెలిసిన లెక్క చెప్పాను. చెయ్యి చాచి సెల్ఫీ తీసుకున్నప్పుడు చెవులతో పోలిస్తే ముక్కు కెమెరాకి బాగా దగ్గరగా ఉంటుంది, అందుకే ఉన్నదానికంటే పెద్దదిగా పడుతుంది. 2018లో అమెరికాలో కొందరు వైద్యులు దీన్ని లెక్కగట్టారు. అయిదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. సెల్ఫీలు చూసుకుని ముక్కు చిన్నది చేయమని సర్జరీకి వచ్చేవాళ్లను చూసి చూసి ఆ పని పెట్టుకున్నారు.

మాటలతో నమ్మదని దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక ఫొటో దగ్గర నుంచి తీశాను. తర్వాత హాలు అవతలి గోడ దాకా పోయి, జూమ్ చేసి ఇంకొకటి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. దగ్గరి ఫొటోలో చెవులు వెనక్కి పోయాయి, ముక్కు ముందుకొచ్చింది, నుదురు ఉబ్బింది. దూరం ఫొటోలో చెవులు కనిపిస్తున్నాయి, చెంపలు వాటి చోట అవి ఉన్నాయి, ముక్కు ముఖంలో ఒదిగింది. అది రెండు వేళ్లతో పెద్దది చేసుకుని ఒకదాని నుంచి ఇంకొకదానికి తిప్పుతూ చాలాసేపు చూసుకుంది. "అందరూ నన్ను చూసేది దీంట్లో ఉన్నట్టా?" అని దూరం ఫొటో చూపించి అడిగింది. అవునన్నాను. మాట్లాడుకునేటప్పుడు మనిషికీ మనిషికీ మధ్య మామూలుగా అడుగు కంటే ఎక్కువ దూరమే ఉంటుంది.

అద్దం సంగతి ఇంకొకటుంది. మనకు అలవాటైన మన ముఖం అద్దంలోది, అంటే కుడిఎడమలు తారుమారైనది. 1977లో ఒక పరిశోధనలో కొందరు అమ్మాయిల ఫొటోను ఉన్నది ఉన్నట్టు ఒకటి, అద్దంలో కనిపించినట్టు ఒకటి ముద్రించి చూపించారు. ఆ అమ్మాయిల్లో ఎక్కువమందికి అద్దంలో ఉన్నట్టుండేదే నచ్చింది. వాళ్ల స్నేహితులకు ఉన్నది ఉన్నట్టుండేదే నచ్చింది. ఎవరికి ఏది అలవాటో వాళ్లకు అదే బాగుంది. మన ఫొటో మనకు వింతగా కనిపించడానికి సగం కారణం ఇదే అనుకుంటాను. ఇంకో పరిశోధన 2012లో జరిగింది. ఒక మనిషి మాట్లాడుతున్న వీడియో, అదే వీడియోలోంచి తీసిన ఫొటోలు చూపిస్తే, జనానికి ఫొటోల కంటే వీడియోలోనే ఆ మనిషి ముఖం బాగుందనిపించింది. కదిలే ముఖాన్ని మధ్యలో ఆపేస్తే సగం మూసిన కన్ను, సగం తెరిచిన నోరు మిగులుతాయి. నిజంగా చూస్తున్నప్పుడు అవి మన కంటికి ఆనవు.

ఇది నాకు పరిశోధన చదవకముందే తెలుసు, మా చిన్నమ్మ వల్ల. అనంతపురంలో మా బంధువుల ఇళ్లలో ఏ శుభకార్యం జరిగినా ఆమె ఎక్కడుంటే అక్కడే జనం. నవ్వు ముందు కళ్లలో మొదలవుతుంది, తర్వాత బుగ్గల్లోకి, చివరికి నోటికి వస్తుంది. ఎదుటివాళ్లు చెప్పే మాట వినేటప్పుడు తల కొంచెం పక్కకి వాల్చి, కొంగు చివర చూపుడువేలికి చుట్టుకుంటూ, వాళ్ల ముఖంలోంచి చూపు తిప్పదు. ఎంత చిన్నపిల్లలైనా సరే, అంతే శ్రద్ధగా వింటుంది. మా అమ్మాయి తనంతట తానే "చిన్నవ్వ ఎంత అందంగా ఉంటుందో" అంది. ఆల్బమ్‌లో చూస్తే ఆమె ఒక్క ఫొటోలోనూ బాగుండదు. ఫొటో అనగానే బిగుసుకుపోయి, చేతులు రెండూ కిందికి వేలాడేసి నిలబడుతుంది. ఆమె అందమంతా కదలికలోనూ వినడంలోనూ ఉంది, అది కాగితం మీద పడదు.

పెళ్లి అయిన తర్వాత పిల్లల్ని లేపాక్షికి తీసుకుపోయాం. జిల్లాలు విడగొట్టాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మా నోట్లో అది ఇంకా అనంతపురం జిల్లానే. గుడి మండపాల పైకప్పు నిండా 16వ శతాబ్దపు విజయనగర కాలం బొమ్మలు. మన రంగు మనుషుల్ని అందంగా చూపించిన చోటు ఒకటి పాపకు చూపించాలని నా పట్టుదల. మెడలు నొప్పి పుట్టేదాకా తలలెత్తి చూశాం. గోధుమరంగు, కావిరంగు దేహాల ఆడవాళ్లు, ఒక్కొక్కరిదీ ఒక్కో అంచు చీర, పెద్ద పెద్ద కళ్లు, దాదాపు అందరూ పక్కకి తిరిగే ఉన్నారు. నేను చెప్పాలనుకున్న మాట చెప్పేలోపే మా అమ్మాయి అంది, "అమ్మా, అందరికీ ఒకటే ముక్కు. ఇది కూడా ఫిల్టరే కదా?"

నిజమే. ఆ చిత్రకారులకూ ఒక కొలత ఉంది, ముక్కు కోటేరుగా ఉండాలని, కన్ను చెవి దాకా ఉండాలని. మా అమ్మ ముక్కు అక్కడా ఎవరికీ లేదు. మన పూర్వులు అందాన్ని సరిగ్గా చూశారు, పాడుచేసింది కెమెరాలూ క్రీములే అని చెబుదామనుకున్నాను. రాముడు నలుపు, కృష్ణుడు నలుపు అని చెప్పే ఇళ్లలోనే కోడలు మాత్రం తెల్లగా ఉండాలంటారన్న సంగతి ఆ పిల్లకు నేను చెప్పక్కర్లేదు, అది మా ఇంట్లోనే విన్నది.

ఆల్బమ్ విషయం తమ్ముడు చక్కబెట్టాడు. స్టూడియోలో అసలు ఫొటో ఉందట, ఆ ఒక్క పేజీ మళ్లీ వేసిచ్చారు. మా అమ్మ మాత్రం మొదటిదే ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. "ఎంత కళగా ఉండాదో చూడు నా మనవరాలు, తీసేది ల్యా" అంది. ఆ మాటలో ఉన్నది ప్రేమే. వీడియో కాల్‌లో ఆ ఫ్రేము కనిపించినప్పుడల్లా మా అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చి లేచిపోతోంది. ఇద్దరికీ మధ్య ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఆదివారం తలంట్లకు సెనగపిండి, పసుపు కలిపి ఒంటికి రాస్తూ "రంగు తేల్తాది" అనేది కూడా ఆ అమ్మే. ఆ చేతుల కింద కూర్చోవడం మా పాపకు చాలా ఇష్టం. రాయించుకో గానీ మాట వినొద్దు అని ఎలా చెప్పను?

అందం ముఖ్యం కాదు, గుణం ముఖ్యం అని పిల్లలకు చెబుతాం. నేనూ చెప్పేదాన్ని, ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేకపోతున్నాను. 1972లో జరిగిన ఒక పరిశోధనలో కేవలం ఫొటోలు చూపించి అడిగితే, అందంగా ఉన్నవాళ్లకు మంచి గుణం ఉంటుందని, వాళ్ల జీవితం సుఖంగా సాగుతుందని జనం ఊహించారు. గుణాన్ని కూడా ముఖంలోనే వెతుక్కుంటారన్నమాట. అలాంటి లోకంలోకి పిల్లను పంపుతూ ముఖంతో పనిలేదని చెప్పడం న్యాయం కాదనిపిస్తుంది. దాని పళ్లకు బ్రేసులు వేయించాం. నమలడానికి మంచిదని డాక్టరు చెప్పిన మాట నిజమే, నవ్వు బాగుంటుందని నేను ఆశపడిన మాటా నిజమే. పళ్లు సరిచేయొచ్చు, రంగు మార్చకూడదు, మచ్చ చెరపకూడదు, ముక్కు ముట్టుకోకూడదు. ఈ గీత ఎక్కడ గీశావని మా అమ్మాయి అడిగితే, పళ్ల వంకర ఎవరి జాతినీ తక్కువ చేయదు, రంగు విషయంలో ఆ తక్కువ చేయడం ఉంది అని చెబుతాను. ముక్కు విషయంలో మాత్రం ఆ జవాబు నాకే పూర్తిగా సరిపోవడం లేదు.

ఇదంతా రాస్తుంటే మా అబ్బాయి గుర్తొస్తున్నాడు. తొమ్మిదేళ్లు, అక్కకంటే రెండు ఛాయలు ఎక్కువే నలుపు. పెళ్లిలో వాడి రంగు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆల్బమ్‌లో వాడి ముఖాన్ని తెల్లగా చేయాలని కూడా ఎవరికీ తోచలేదు, ఎండలో ఆడి మాడిన ముఖం అలాగే ఉంది. వాడికి అది హాయి. కానీ ఇంకో అయిదారేళ్లలో వాడూ ఫోన్‌లో అమ్మాయిల ఫొటోలు చూసి బాగుంది, బాగాలేదు అనే వయసుకొస్తాడు. అక్కకు చెప్పిన ఈ కెమెరా లెక్కలన్నీ వాడికే ముందు చెప్పాల్సిందేమో, మొన్న వాళ్ల నాన్నతో అన్నాను. ఆయన "ఇప్పుడే ఎందుకు?" అన్నారు. మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.