ఒకే జంప, రెండు నడకలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు, ఒడియా, సవర పిల్లలు కలిసి చదివే సంగీత తరగతిలో శాస్త్రాన్ని కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్తలతోనే (మూల రాగాలతోనే) మొదలుపెడితే, మిగతావాళ్ల సంగీతం మొదటి రోజే ‘జానపదం’ అనే మూలకు పోతుంది. తాళంతో మొదలుపెట్టడం మేలు.

ముందు త్రిపుట తాళం. కర్ణాటకంలో తిశ్ర త్రిపుటకు 7 అక్షరాలు (లెక్కలు), వాటి విభజన 3+2+2. ఒడిశా శాస్త్రీయ సంగీతమైన ఒడిస్సీలోనూ అంతే. అందరి చేతులూ కలుస్తాయి. ఆ తర్వాతే జంప తాళం తీయండి. రెండు చోట్లా 10 అక్షరాలే, కానీ కర్ణాటకంలోని మిశ్ర జంప 7+1+2గా నడిస్తే ఒడిస్సీ ఝంపా 2+3+2+3గా నడుస్తుంది. సగం తరగతి ఒకటి, సగం రెండోది వేయాలి. మిశ్ర జంపలోని 7ను వేళ్లతో లెక్కపెట్టేవాళ్లు పక్కవాళ్ల 3, 6 దెబ్బలకు లొంగి తప్పిపోతారు. 8 మీద ఇద్దరూ కలుస్తారు, 9 దగ్గర మళ్లీ విడిపోతారు. అంకెలు పైకి పలుకుతూ విలంబంలో (నెమ్మదిగా) వేయిస్తే నిలబడతారు. విభజన అంటే ఏమిటో ఏ నిర్వచనమూ ఇంత బాగా చెప్పదు!

కోరాపుట్ గిరిజనుల బృంద నృత్యం ధెంసా (అరకు వైపు థింసా) బాణీలను సరిగమల్లో రాయించేటప్పుడు స్వరాల మధ్య జారుడు పోతుంది. జారిన చోట వంపు గీత గీయించి, రికార్డింగుతో సరిచూడండి. దగ్గరి రాగం పేరు మాత్రం తగిలించొద్దు. తగిలిస్తే పిల్లలు ఆ రాగ లక్షణం ప్రకారం బాణీనే ‘దిద్దేస్తారు’.

పరీక్షలో పాడి, వాయించి చెప్పిన జవాబుకూ మార్కులుండాలి. మొహురి (సన్నాయి లాంటి ఊదే వాద్యం) వాయించే కళాకారుణ్ణి పిలిస్తే, అతిథి అధ్యాపకుడికిచ్చే పారితోషికమే ఇవ్వాలి.