బీరువా నుంచి కోబో దాకా: నా పుస్తకాల జాబితా ఎక్కడిదాకా వచ్చిందంటే

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి అరవై రూపాయలకు తెచ్చుకున్న కథల సంపుటి, ఇంటికొచ్చి చూస్తే రెండో అరలో అప్పటికే ఉంది. ఇలా జరగడం మూడోసారి. మా ఆవిడ ఏమీ అనలేదు, రెండు కాపీల్నీ పక్కపక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆ రాత్రే లైబ్రరీథింగ్‌లో, అంటే మన పుస్తకాల జాబితా దాచుకునే వెబ్‌సైటులో, అకౌంటు తెరిచాను.

చదివిన పుస్తకాల లెక్క రాసుకోవడానికి గుడ్‌రీడ్స్ సైటు ఉండగా ఇదెందుకంటే, గుడ్‌రీడ్స్ 2013 నుంచి అమెజాన్‌ది. కిండిల్ స్టోరులో కొని చదివేవాళ్ళకి ఆ రెండూ సులువుగా కలుస్తాయి. బయటి నుంచి మనం పంపుకున్న ఫైళ్ళు మాత్రం ఆ లెక్కలోకి రావు. పైగా 2020 డిసెంబరు నుంచి గుడ్‌రీడ్స్ కొత్తవాళ్ళకి ఏపీఐ కీలు (వేరే ప్రోగ్రాములు ఆ సైటు సమాచారం తీసుకోవడానికి కావలసినవి) ఇవ్వడం మానేసింది. నా దగ్గరున్నది కిండిల్ కాదు, తమ్ముడు టొరంటో నుంచి తెచ్చిన కోబో ఈబుక్ రీడరు, బీరువాలో సగానికి పైగా తెలుగు. లైబ్రరీథింగ్ ఒకప్పుడు 200 పుస్తకాల వరకే ఉచితం, 2020లో ఆ పరిమితి తీసేశారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లాంటి గ్రంథాలయాల కేటలాగుల్లోంచి నేరుగా వివరాలు తెస్తుంది కూడా.

మొదటి రెండు వారాలు

ఇంగ్లీషు పుస్తకాలు 163. ఫోన్ యాప్‌తో బార్‌కోడ్ చూపిస్తూ మూడు సాయంత్రాల్లో ముగించాను. తెలుగు 268 దగ్గర బండి ఆగింది. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) అచ్చయినవి 121, వాటిలో వెతికితే దొరికినవి 58. కొన్నిటికి బార్‌కోడ్ మీదే ధర స్టిక్కరు అంటించి ఉంది. ఒకచోటయితే రెండు వేర్వేరు పుస్తకాల మీద ఒకే నంబరు! మిగతా 210 చేత్తో ఎక్కించినవే.

2007కి ముందు అచ్చయిన వాటికి సాధారణంగా పది అంకెల నంబరే ఉంటుంది. దాన్ని పదమూడుకి మార్చాలంటే చివరి అంకె తీసేసి ముందు 978 చేర్చాలి. ఆ 12 అంకెల్నీ వరసగా 1, 3, 1, 3 అంటూ గుణించి కూడాలి. ఆ మొత్తాన్ని పదుల్లోకి తేవడానికి ఎంత తక్కువైతే అదే కొత్త చివరి అంకె. చేత్తో కొట్టిన నంబర్లని ఈ లెక్కతో సరిచూస్తే నాలుగు తప్పులు బయటపడ్డాయి, నాలుగూ రాత్రి పదకొండు తర్వాత కొట్టినవే.

దొరికిన వాటిల్లో చాలా పేర్లు రోమన్ అక్షరాల్లో, పైన గీతలతో, కింద చుక్కలతో వచ్చాయి. శీర్షిక తెలుగులో మళ్ళీ కొట్టుకుని, ఆ రోమన్ రూపాన్ని కామెంట్స్ గడిలో దాచాను. ఇంకో పేచీ, కొన్ని అట్టల మీద 'కథలు', కొన్నిటి మీద 'కధలు'. అట్ట మీద ఉన్నట్టే శీర్షికలో ఉంచి, అన్నిటికీ 'కథలు' అని ఒకే ట్యాగ్ పెట్టాక వెతుకులాట తగ్గింది.

మూడో వారం: క్యాలిబర్‌లోకి

లైబ్రరీథింగ్‌కీ కోబోకీ నేరుగా దారి లేదు. మధ్యలో క్యాలిబర్ (కంప్యూటర్లో ఈబుక్స్ సర్దుకునే ప్రోగ్రాము) ఉండాల్సిందే. జాబితాని ఎగుమతి చేసి, ఎక్సెల్‌లో తెరిచి, ఒకటి రెండు అక్షరదోషాలు దిద్ది సేవ్ చేశాను. కొంప మునిగింది. పదమూడు అంకెల నంబర్లన్నీ 9.78తో మొదలయ్యే కుదించిన రూపంలోకి మారి, ఫైల్లో అలాగే స్థిరపడిపోయాయి. మళ్ళీ ఎగుమతి చేసి ఈసారి లిబ్రేఆఫీస్‌లో తెరిచాను. తెరిచేటప్పుడు వచ్చే పెట్టెలో తెలుగు అక్షరాలు చెదరకుండా యూటీఎఫ్-8, ఐఎస్‌బీఎన్ కాలమ్‌కి టెక్స్ట్ అని ఎంచుకుంటే చాలు. ఆ తర్వాత ఇంపోర్ట్ లిస్ట్ అనే ప్లగిన్‌తో (క్యాలిబర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) క్యాలిబర్‌లోకి తెచ్చాను. ఫైలు లేని కాగితం పుస్తకం కూడా అక్కడ ఖాళీ ఎంట్రీగా కూర్చుంటుంది.

కూర్చున్నాక రచయితల వరస చూస్తే నవ్వొచ్చింది. పేరులో చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది క్యాలిబర్. మనకేమో ఇంటిపేరు ముందు. దాంతో రావులంతా ఒకచోట, శాస్త్రులంతా ఒకచోట, పెళ్ళిపందిట్లో బంతులు వేసినట్టు కూర్చున్నారు. ప్రిఫరెన్సెస్‌లో ట్వీక్స్‌కి వెళ్ళి, ఆథర్ సార్ట్ పద్ధతిని 'ఇన్‌వర్ట్' (చివరి మాట ముందుకి) నుంచి 'కాపీ'కి (పేరు ఉన్నది ఉన్నట్టు) మార్చి, మేనేజ్ ఆథర్స్‌లో మళ్ళీ లెక్కకట్టమన్నాను. తెలుగువాళ్ళు దారిన పడ్డారు, ఇంగ్లీషువాళ్ళు చెదిరారు. వాళ్ళని చేత్తో దిద్దుతున్నాను, ఇంకా అయిపోలేదు.

ఐఎస్‌బీఎన్ లేని 147 పుస్తకాలకి ఇంటి నంబరు ఇచ్చాను. చివరి పేజీ మూల పెన్సిల్‌తో, క్యాలిబర్‌లో విడిగా ఒక కాలమ్‌లో. 'అర' అని ఇంకో కాలమ్ కూడా పెట్టుకున్నాను. కాలమ్ శీర్షిక తెలుగులో పెట్టి, క్యాలిబర్ లోలోపల వాడుకునే లుకప్ పేరు మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఇచ్చాను.

ఐదో వారం: కోబో

ఈ పనంతటిలో నాకు బాగా నచ్చింది ఇదే. కోబోని కేబుల్‌తో తగిలించి, క్యాలిబర్‌లో ఆ పరికరం సెట్టింగుల్లో కలెక్షన్స్ కాలమ్ దగ్గర నా 'అర' కాలమ్ లుకప్ పేరు, ముందు హ్యాష్ గుర్తుతో ఇచ్చాను. ఈబుక్స్ పంపి కేబుల్ తీశాక చూస్తే, బీరువాలో ఏ అర పేరు ఉందో కోబోలో అదే పేరుతో కలెక్షన్! ఎంత చదివానో తెచ్చి క్యాలిబర్ కాలమ్‌లో రాసే కోబో యుటిలిటీస్ ప్లగిన్ కూడా పెట్టుకున్నాను.

అంతలో చిక్కొచ్చింది. తెలుగు పుస్తకాలు నేను కోబోలోనే విడిగా ఎక్కించుకున్న కోరీడర్ అనే చదివే ప్రోగ్రాములో చదువుతాను, మండలి ఫాంటుతో ఒత్తులు అక్కడ చక్కగా కుదిరాయి. కానీ కోరీడర్ తన లెక్క తనే, పుస్తకం పక్కనే ఒక ఫోల్డర్‌లో రాసుకుంటుంది. కోబో సొంత డేటాబేస్‌ని చదివే ప్లగిన్‌కి ఆ సంగతి తెలియదు. అంచేత తెలుగులో పూర్తిచేసినవి కూడా సున్నా శాతంగా కనిపిస్తున్నాయి. కోరీడర్ లెక్కని తెచ్చే ప్లగిన్ వేరే ఉంది, ఈ ఆదివారం దాని పని పట్టాలి. అప్పటిదాకా చదివిన తేదీ లైబ్రరీథింగ్‌లో చేత్తోనే.

అటక మీద అమ్మమ్మ సంచీ ఒకటి మిగిలింది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి బైండు చేయించినవి ఏడు. అట్ట లేదు, ప్రచురణకర్త లేడు, సంవత్సరం లేదు, ఒకదానికైతే మొదటి వారం పేజీలే లేవు. దానికి 148 అని నంబరు వేసి, శీర్షిక గడిలో చుక్కలు పెట్టి వదిలేశాను. వచ్చే నెల అమ్మ వచ్చినప్పుడు అడగాలి.