డెబ్రెసెన్ రైల్లో ఒకటీ రెండూ

బ్లడ్ బ్యాంకులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. తెల్లటి పలక మీద రక్తపు చుక్క వేసి, పసుపు రంగు యాంటీ-బి కలిపి అటూ ఇటూ వంచితే, బి గ్రూపు అయితే ఎర్రటి ఇసుకలా గడ్డలు కడుతుంది. మన దగ్గర ఇది రోజూ చూసేదే. యూరప్‌లో ఇంత ఎక్కువగా ఉండదు. అందుకే హంగేరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్లినప్పుడు ఒక రోజు మిగుల్చుకుని, అదే దేశంలోని డెబ్రెసెన్ అనే ఊరికి రైలెక్కాను.

1920ల మొదట్లో ఆ ఊళ్లో ఫ్రిజెష్ వెర్జార్ అనే శాస్త్రవేత్త తన సహచరుడితో కలిసి హంగేరియన్ల, అక్కడ స్థిరపడ్డ జర్మన్ల, రోమాల రక్తం పరీక్షించాడు. రోమాలంటే వందల ఏళ్ల కిందట భారతదేశం నుంచి యూరప్‌కి వలస వెళ్లినవాళ్ల సంతతి. రోమాల్లో బి గ్రూపు 38.9 శాతం తేలింది. రక్తం గ్రూపుల మీద పనిచేసిన హిర్ష్‌ఫెల్డ్ దంపతులు అంతకుముందు గ్రీసులోని సలోనికాలో భారతీయ సైనికుల్లో చూసింది 41.2 శాతం. చుట్టూ ఉన్న హంగేరియన్లలో మాత్రం దాదాపు 19. వందల ఏళ్లు పక్కపక్కనే బతికినా ఆ లెక్క కలిసిపోలేదు! అయితే ఇది మొత్తం జనం లెక్క. ఒక్క చుక్క చూసి ఎవరి తాతలు ఎక్కడివాళ్లో చెప్పలేం.

సోల్నోక్ దాటాక ఎదుటి సీట్లో ఒక రోమా పెద్దావిడ, ఇంగ్లీషు వచ్చిన ఆమె మనవరాలు కూర్చున్నారు. నా పని ఏమిటో ఆ అమ్మాయి చెప్పగానే పెద్దావిడ చీర కొంగులా కప్పుకున్న శాలువాను మోచేతి దాకా లాక్కుంది. నాకు గుండె చివుక్కుమంది. నాజీల కాలంలో జర్మనీలో రోమాల రక్తం తీసి, ముఖాలు కొలిచి, జాబితాలు రాశారు. ఆ జాబితాల్లోని వాళ్లెందరో నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌లో పోయారు.

ఇక రక్తం మాట ఎత్తలేదు. ముక్కు చూపించి ఏమంటారని అడిగాను. "నఖ్" అంది. చెవి? "కన్." మా ఊరి పక్క తండాలో లంబాడీలు "నాక్, కాన్" అంటుంటే వింటూ పెరిగినదాన్ని. రోమాలూ లంబాడీలూ ఒకటేనని కాదు, రెండు భాషలూ ఉత్తర భారతం నుంచి వచ్చినవి. తర్వాత ఆమే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది: యేఖ్, దుయ్, త్రిన్... ఏడు దగ్గర "ఎఫ్తా" అంది. అది గ్రీకు మాట. దారిలో ఎక్కడ ఆగారో ఆ ఒక్క అంకెలో ఉంది.

2012లో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌ను రోమాల్లో పరిశీలించి, వాయవ్య భారతంలో డోములని పిలిచే సమూహాల పూర్వీకుల వైపే చూపించారు. ఆ సంగతి చెబితే మనవరాలు అవ్వకు వివరించింది. ఆవిడ కాసేపు నన్నే చూసి, శాలువా వదిలేసి, నా చేతిని తన చేతిలోకి తీసుకుని "వస్త్" అంది. హస్తం అని.