ఈతకొలను నీటిని తాగునీరుగా మార్చే ప్రయత్నం: ఐదు వారాల నమోదు

మొదటి వారం

నీటి సరఫరా రోజుల తరబడి నిలిచిపోతే పెరట్లోని ఈతకొలను ఎంతవరకు అక్కరకు వస్తుందో కొలిచి చూడాలని ఈ పని మొదలుపెట్టాను. తొలి పరీక్షలో క్లోరిన్ 3 పీపీఎం (అంటే లీటరుకు 3 మిల్లీగ్రాములు), పీహెచ్ 7.6, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) 1,400 పీపీఎం వచ్చాయి. తాగునీటిలో క్లోరిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 5 మిల్లీగ్రాములు కాబట్టి, అందరూ ముందుగా భయపడే క్లోరిన్ ఇక్కడ పెద్ద అడ్డంకి కాదు.

అసలు చిక్కు సయనూరిక్ ఆమ్లంతో వచ్చింది. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడే ఈ స్టెబిలైజర్, క్లోరిన్ కోసం కొలనులో వేసే ట్రైక్లోర్ బిళ్లలలోనే కలిసి ఉంటుంది. ఆ బిళ్లల ద్వారా 10 పీపీఎం క్లోరిన్ చేరిన ప్రతిసారీ సుమారు 6 పీపీఎం సయనూరిక్ ఆమ్లం కూడా చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోయినా ఇది నీటిలోనే మిగిలిపోతుంది. దీనిని కొలిచే పద్ధతి నాకెంతో నచ్చింది. మెలమైన్ ద్రావణం కలపగానే నీరు పొగమంచులా తెల్లబారుతుంది. ఆ నీటిని అడుగున నల్లచుక్క ఉన్న గొట్టంలో కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూస్తుంటే, చుక్క ఏ గీత దగ్గర కనిపించకుండా పోతుందో అదే కొలత. నా గొట్టంలో అది 80 దగ్గర మాయమైంది. తాగునీటికి సూచించిన పరిమితి 40.

రెండో వారం

నీటిని ఒక నిమిషం, 2,000 మీటర్లకు పైబడిన ఎత్తులో మూడు నిమిషాలు, తెర్లకాగనిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. సరిగా క్లోరిన్ వేసిన కొలనులో సైతం ఏడు రోజులకు పైగా బతకగల క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కూడా ఈ వేడికి నిలవదు. అయితే కరిగి ఉన్న పదార్థాలను మరిగించడం తొలగించలేదు. రెండు లీటర్ల నీటిని ఒక లీటరు అయ్యేదాకా మరగనిచ్చి చల్లార్చి కొలిస్తే టీడీఎస్ 2,750కి చేరింది. సయనూరిక్ ఆమ్లం గొట్టం మీది అంకెలను దాటిపోవడంతో, సమానంగా మంచినీరు కలిపి మళ్లీ చూసి, వచ్చిన 80ని రెట్టింపు చేసుకోవలసి వచ్చింది. మరిగిస్తే సరిపోతుందన్న నమ్మకాన్ని ఆ రోజే వదులుకున్నాను.

మూడో వారం

ఇక మిగిలింది స్వేదనం, అంటే నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని మళ్లీ నీరుగా పట్టడం. పెద్ద స్టీలు గిన్నెలో కొలను నీరు పోసి, మధ్యలో ఎత్తైన స్టాండు మీద చిన్న గిన్నె ఉంచి, మూతను పిడి లోపలికి వచ్చేలా తిరగేసి, దాని మీద చల్లని నీరు నింపాను. ఆవిరి మూతకు తగిలి చుక్కలై, పిడి వైపు జారి, ఒక్కొక్కటిగా చిన్న గిన్నెలో పడుతుంది. మొదటిసారి మంట పెద్దదిగా పెట్టడం వల్ల మరుగుతున్న నీరు చిన్న గిన్నెలోకి చిందింది. పట్టిన నీటిలో టీడీఎస్ 90 రావడంతో పొరపాటు బయటపడింది. మంట తగ్గించి, కింద నీటిమట్టాన్ని సగానికి దించాక అది 6కు పడిపోయింది.

నాలుగో వారం

మీటరులో 6 చూసి సంతోషించాను కాని, ఆ నీటిని ముక్కు దగ్గర పెట్టుకుంటే కొలను వాసన స్పష్టంగా తెలిసింది. క్లోరిన్ చెమట వంటి మలినాలతో కలిసి ఏర్పడే క్లోరమైన్లు, 61 డిగ్రీలకే మరిగే క్లోరోఫాం వంటివి ఆవిరితోపాటే వచ్చేస్తాయి, టీడీఎస్ మీటరు వాటిని పసిగట్టలేదు. అందుకే ఇప్పుడు ఆరుబయట పది నిమిషాలు మూత లేకుండా మరిగించాకే మూత పెడుతున్నాను, తొలి 100 మిల్లీలీటర్లు పారబోస్తున్నాను, గిన్నె అడుగంటక ముందే మంట ఆపుతున్నాను. వాసన దాదాపు పోయింది.

ఐదో వారం

ఈ అమరికతో గంటకు 400 మిల్లీలీటర్లే వస్తున్నాయి. అత్యవసర సమయంలో మనిషికి రోజుకు కావలసిన 4 లీటర్లకు పది గంటలు పొయ్యి వెలగాలి, అదీ ఇంధనం దొరికితేనే. కాబట్టి ముగ్గురికి ఐదు రోజులకు సరిపడా 60 లీటర్ల మంచినీటిని మూత బిగించి నిల్వ చేశాను. కొలను నీటిని మరుగుదొడ్డికి, బట్టలు ఉతకడానికి కేటాయించాను. వరదనీరు చేరిన కొలను నీటిని స్వేదనానికి కూడా వాడను.

తర్వాత, నీటిని సన్నని పొర గుండా నెట్టి శుద్ధిచేసే ఆర్వో పరికరాన్ని, చేతిపంపుతో నడిచేదాన్ని, పరీక్షిస్తాను. క్లోరిన్ తగిలితే దాని పొర పాడవుతుంది కాబట్టి ముందు యాక్టివేటెడ్ కార్బన్ గొట్టాన్ని బిగిస్తున్నాను. ఆ గొట్టం దాటి వచ్చిన నీటిలో క్లోరిన్ సున్నా అని పరీక్షలో తేలాకే నీటిని పొర మీదికి వదులుతాను.