కునుకడు, నిద్రపోడు

మా సంఘంలో ఆదివారం ఆరాధన ఒకప్పుడు ఏడున్నరకే మొదలయ్యేది. ఇప్పుడు తొమ్మిదికి. బెంగళూరులో, ఈ కేఆర్ పురం చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ గార్డులుగా నైట్ డ్యూటీ చేసే మా సోదరులు ఎనిమిదికి గానీ గేటు వదిలి రాలేరు. అదీ రిలీవర్ టైముకి వస్తేనే. "రిలీవర్ రాలేదయ్యగారూ, మీరు మొదలుపెట్టండి, వాక్యం టైముకి వచ్చేస్తా" అని ఫోన్ చేసేవారు. అలా జరుగుతూ జరుగుతూ ఆరాధన తొమ్మిదికి చేరింది.

వాళ్లు ఇంటికి వెళ్లి స్నానం చేసి రారు. యూనిఫాంలోనే, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బాతో, జేబులో టార్చితో మెట్లెక్కి వస్తారు. హార్డ్‌వేర్ షాపు పైన రెండో అంతస్తులో మా హాలు. ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చుంటారు. పాటలు పాడినంతసేపూ బాగానే ఉంటారు. నేను మొదటి పాయింటు దాటేసరికి తలలు ఒక్కొక్కటే వాలిపోతాయి.

మొదట్లో నాకు ఒళ్లు మండేది, దాచడం ఎందుకు. శనివారం అర్ధరాత్రి దాకా కూర్చుని సిద్ధపడిన ప్రసంగం మరి. మైకు దగ్గరికి లాక్కుని "హల్లెలూయా చెబుదామా!" అని అరిచేవాణ్ణి. ఉలిక్కిపడి లేచి వాళ్లూ హల్లెలూయా అనేవారు. ఐతుకు కథ కూడా వాడుకున్నాను. పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగుతుంటే కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిపోయిన కుర్రాడు. తప్పు ప్రసంగం పొడవుదా, కుర్రాడి నిద్రదా అన్నది అపొస్తలుల కార్యములలో తేల్చలేదు. నేనే తేల్చేశాను.

పాస్టర్ పని అంటే ఆదివారం మైకు పట్టుకోవడమే అనుకుంటారు బయటివాళ్లు. మిగతా ఆరు రోజులూ నాది సగం దుబాసీ ఉద్యోగం. కన్నడ రానివాళ్లకి ఆసుపత్రి కౌంటర్లో, ఇంటి ఓనరు దగ్గర అడ్వాన్సు విషయంలో, ఒక్కోసారి పోలీస్ స్టేషన్లో మాట్లాడిపెట్టాలి. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చిన కొత్త కుటుంబానికి గది వెతకాలి. రాత్రి పదకొండు దాటాక ఐటీ పిల్లల ఫోన్లు మొదలు: "పాస్టర్ గారూ, ప్రాజెక్ట్ అయిపోయింది, ఇంకోటి దొరక్క బెంచ్ మీద ఉన్నాను, టెన్షన్‌గా ఉంది, ప్రార్థన చేయండి." ఫోన్లోనే చేస్తాను. వాళ్లు పడుకుంటారు, నా నిద్ర ఎగిరిపోతుంది.

అందరికీ నేను ఎక్కువగా చదివి వినిపించేది 121వ కీర్తన. 120 నుంచి 134 దాకా 15 కీర్తనలకి యాత్రకీర్తనలని పేరు. ఇల్లు వదిలి దారి పట్టినవాళ్ల పాటలు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి పని కోసం బస్సెక్కినవాళ్లకి వీటిని విడమర్చి చెప్పక్కర్లేదు. ఉన్నవి 8 వచనాలే, వాటిలో కాపాడడం అనే హీబ్రూ మాట 6 సార్లు వస్తుంది. కాపాడువాడు అన్నచోట ఉన్నది 'షోమేర్'. ఇవాళ్టి హీబ్రూలో వాచ్‌మన్‌ని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. మన తెలుగులో మాత్రం? కాపలా, కాపరి, కాపాడడం, అన్నీ 'కాచు' ఇంటి బిడ్డలే. నన్ను సంఘకాపరి అంటారు, గేటు కాసేవాణ్ణి సెక్యూరిటీ అంటారు, అంతే తేడా.

ఒక గృహ ప్రార్థనలో "రాత్రి వెన్నెల దెబ్బయైనను నీకు తగులదు" అని చదువుతుంటే ఒకతను నవ్వాడు. "వెన్నెల సంగతేమో గానీ అయ్యగారూ, డిసెంబరు చలి దెబ్బ, దోమల దెబ్బ మాత్రం బాగా తగులుతాయి."

ఆ నవ్వినతని నాయనకే డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. డ్యూటీ మానితే జీతంలో కోత. "నువ్వు వెళ్లు, రాత్రికి నేను కూర్చుంటా" అన్నాను. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కీర్తన చదివి, ప్రార్థన చేసి, సెలైన్ సీసా చూస్తూ కూర్చున్నాను. అది అయిపోయేలోపు నర్సుని పిలవాలి, అదొక్కటే నా పని. మూడింటప్పుడెప్పుడో తల వాలింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ తెల్లబడింది. నా భుజాల మీద పెద్దాయన తువ్వాలు కప్పి ఉంది. పైన కొత్త సీసా వేలాడుతోంది. పాతది ఖాళీ అయి ట్యూబులోకి రక్తం ఎర్రగా ఎక్కుతుంటే ఆయనే చూసి, పక్క మంచం వాళ్లని లేపి నర్సుని పిలిపించాడట. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను తువ్వాలు మడత పెడుతున్నాను. ఆయన అన్నాడు, "ఏం గాదులే అయ్యగారూ. మీరు కునికితిరి, నేను కాపలా ఉంటి."

ఎనిమిదిన్నరకి కొడుకు వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. నిజం చెప్పడానికి నేను నోరు కూడదీసుకునేలోపే పెద్దాయన "అయ్యగారు బాగా చూసుకున్యారు" అనేశాడు. నేను సరిదిద్దలేదు. ఆ ఆదివారం మైకులో చెప్పాను. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. వెనక వరసలోంచి ఎవరో అచ్చం నా గొంతుతో "హల్లెలూయా చెబుదామా!" అన్నారు.

నాలుగో వచనం, "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు", అప్పటిదాకా ఇతరులకి ధైర్యం చెప్పడానికే చదివాను. ఇప్పుడు అందులో నాకు మందలింపు కూడా వినబడుతోంది. కునకనివాడు ఒక్కడే, అది నువ్వు కాదు. రిలీవర్ అక్కర్లేని డ్యూటీ ఆయన ఒక్కడిదే. అలాంటివాడు యేసుగా, మనిషై వచ్చినప్పుడు, రోజంతా జనానికి బోధించి, తుపాను రేగినా తెలియనంతగా దోనె అమరంలో, అంటే వెనక భాగంలో, నిద్రపోయాడు. ఈ సంగతి మత్తయి, లూకా కూడా రాశారు గానీ, తల కింద తలగడ ఉందన్నది మార్కు ఒక్కడే రాశాడు. ఆ తలగడ గురించి ఇన్నేళ్లలో నేను ఒక్క ప్రసంగమూ చేయలేదు. ఆయన్ని పట్టుకుపోయిన రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులు కునికితే ఆయనకి నొప్పి కలిగింది, నిజమే. "ఒక గడియయైనను" మేల్కొని ఉండలేరా అని అడిగాడు. ఆ వెంటనే శరీరం బలహీనమని కూడా ఆయనే అన్నాడు.

ఇప్పుడు ప్రసంగం 25 నిమిషాలకి కుదించాను. ఇంకో ఐదు తగ్గించవచ్చని మా ఇంట్లో అభిప్రాయం. పోయిన ఆదివారం మూడో వరసలో ఒకతను టోపీ ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని నిద్రలోకి జారుకున్నాడు. పక్కనున్న సంఘ పెద్ద మోచేత్తో పొడవబోయాడు. వద్దని చెయ్యి ఊపి, సౌండ్ కొంచెం తగ్గించమని కీబోర్డు దగ్గరి కుర్రాడికి సైగ చేశాను.