నా కారు ఏసీ గ్యాస్ ఎక్కడికి పోయింది

మాది నెల్లూరు. రోజూ మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గరికి కారులో పోయొస్తుంటాను. పోయిన ఏడాది రోహిణి కార్తెలో ఏసీ ఉక్కగాలి కొట్టడం మొదలుపెట్టింది. కంప్రెసర్ నిమిషానికి నాలుగుసార్లు టక్‌మని ఆగి మళ్లీ అందుకునేది. దగ్గర్లోని షాపులో గేజీ పెట్టి, గ్యాస్ తగ్గిందని నింపి పంపారు. నెలన్నర బాగుంది, మళ్లీ అదే కథ. అలా మూడుసార్లు పట్టించాను. లీకు ఎక్కడుందో వాళ్లు వెతకలేదు, వెతకమని నేనూ అనలేదు.

ఈసారి మా బావ ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకుపోయాడు. సంగతి వినగానే ఆయన, "అబ్బయ్యా, ఇదేమన్నా పెట్రోలా, ఖర్చయిపోయేదానికి? లోపల ఉండేదే తిరుగుతా ఉంటది. తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నట్టే" అన్నాడు.

ముందు జాయింట్లన్నీ వేలితో తడిమి చూశాడు. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకున్నచోట జిడ్డు, ఆ జిడ్డుకి దుమ్ము పడతాయట. ఉప్పుగాలికి, బండి ముందువైపు గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేకులు తెల్లగా పొడి తేలి ఉంటే నేను దాన్నే అనుమానించాను. అక్కడ జిడ్డు లేదు.

ఉన్న గ్యాస్‌ను మిషన్లోకి లాగితే 210 గ్రాములు వచ్చింది. బానెట్ కింద స్టిక్కర్ మీద ఉండాల్సింది 450. తర్వాత నైట్రోజన్ 150 పీఎస్ఐ ఒత్తిడికి పట్టించి వాల్వు కట్టేశాడు. బ్రష్షుతో సబ్బునురగ పూసుకుంటూ పోయినా ఎక్కడా ఒక్క బుడగ లేవలేదు. టీ తాగొచ్చేసరికి గేజీ ముల్లు మాత్రం 138 దగ్గరుంది.

"బయట లేదంటే కూలింగ్ కాయిల్లోనే." అది డాష్‌బోర్డు వెనక ఉంటుంది. విప్పితే ఒక రోజు పని, కాబట్టి నాకు రుజువు కావాలన్నాను. నైట్రోజన్ వదిలేసి కొద్దిగా గ్యాస్ ఎక్కించి, బండి ఆపి అరగంట ఆగాడు. ఈ ఆర్134ఏ గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగుతుంది. ఏసీ నీళ్లు కారే గొట్టం దగ్గర గ్యాస్‌ను పసిగట్టే డిటెక్టర్ మూతి పెట్టగానే, అప్పటిదాకా నిదానంగా టిక్కుమంటున్నది ఒకటే గోల చేసింది. రంగు కలిపి యూవీ లైటుతో చూసే పద్ధతీ ఉందట గానీ, అంత లోపలికి లైటు చేరదు.

కాయిల్ బయటికి తీశాక నాకు సిగ్గేసింది. ఒక మూల వేపాకు, వేపపూత తడిసి ముద్దై, నల్లగా కుళ్లి అతుక్కుపోయి ఉన్నాయి. మా కారుకి లోపలికొచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ లేదు, నిలిపేదేమో ఇంటి ముందు వేపచెట్టు కింద. ఆ మూలను నీళ్లలో ముంచి నైట్రోజన్ పెడితే, సన్నగా దారంలా బుడగలు లేచాయి. తడి చెత్త అల్యూమినియాన్ని తినేసిందని పెద్దాయన లెక్క.

కొత్త కాయిల్, జాయింట్లకి ఓరింగులు, తేమ పీల్చే డ్రయ్యరు వేసి, ముప్పావుగంట వ్యాక్యూమ్ లాగి, ముల్లు కదలడం లేదని చూశాకే గ్యాస్‌ను తూకం ప్రకారం ఎక్కించాడు. కారు ఇప్పుడు ఎండలో పెడుతున్నాను. నీడ ఉండగా ఇదేం పిచ్చిరా అని అమ్మ రోజూ తిడుతోంది.